ఆగిన చోటునుండా, మొదటినుండా?

 

గత షవ్వాల్ మాసంలో ఒకనాడు, అస్ర్ నమాజు ముగిసిన తరువాత, మోతె మండలంలోని ఒక పల్లెనుండి ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా మద్రసాకు వచ్చారు. ఆ అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఉత్తీర్ణురాలైంది. తల్లి జబ్బుపడడంతో చదువు ఆగిపోయింది. మరుసటి ఏడు మళ్ళీ చేరుదామని దరఖాస్తు ఇస్తే, "అయితే మొదటి సంవత్సరంలో చేరండి" అన్నారట.

"మౌలానా సాబ్, బిడ్డ చదివిన ఏడాది అంతా పోయినట్టేనా?" అని ఆయన అడిగారు.

దరఖాస్తు తీసుకొని చూశాను. అందులో 'ఐ వాంట్ టు రీస్టార్ట్ మై ఇంటర్మీడియట్' అని ఉన్నది. చిక్కు అక్కడే ఉన్నది.

మన ఇళ్ళలో 'ఫిర్ సే షురూ కర్నా' అంటే చాలు. ఆగినదాన్ని కొనసాగించడానికీ, మొదటినుండి ఆరంభించడానికీ ఆ ఒక్క మాటే వాడుతాము. రీస్టార్ట్ అన్న మాట కూడా అటువంటిదే. మళ్ళీ మొదలుపెట్టడం అన్నంతవరకే అది చెబుతుంది. ఎక్కడినుండి అన్నది చదివేవారి ఊహకు వదిలివేస్తుంది. మోటారుకో ఫోనుకో ఆ మాట చక్కగా సరిపోతుంది. ఒక బిడ్డ చదువు విషయంలో మాత్రం అంత సందిగ్ధం పనికిరాదు.

ఆగిన చోటునుండి అందుకోవడాన్ని ఇంగ్లీషులో రిజ్యూమ్ అంటారు. మొదటికి వెళ్ళి ఆరంభించడాన్ని స్టార్ట్ అఫ్రెష్ అంటారు. మన విద్యార్థులకు ఈ భేదం కొత్తది కాదు. నమాజు మధ్యలో తన ప్రమేయం లేకుండా వుజూ భంగమైతే, ఎవరితోనూ మాట్లాడక వెళ్ళి వుజూ చేసుకొని వచ్చి, నియమాలకు లోబడి, ఆగిన చోటునుండి పూర్తి చేసుకోవచ్చునని హనఫీ ఫిఖ్‌హ్ చెబుతుంది. దీనిని 'బినా' అంటారు. మొదటినుండి చేయడం 'ఇస్తీనాఫ్'. నమాజులో ఇస్తీనాఫే మేలన్నారు. ఆ అమ్మాయి చదువుకు కావలసినది మాత్రం బినా!

రిజ్యూమ్ తరువాత 'టు స్టడీ' అని రాయకూడదు. 'రిజ్యూమ్ స్టడీయింగ్' అనాలి, లేదా 'రిజ్యూమ్ మై స్టడీస్' అనాలి. దీని నామరూపం రిజంప్షన్. ఉద్యోగం కోసం పంపే రెజ్యుమే అక్షరాలలో దీనిని పోలి ఉన్నా, ఉచ్చారణా అర్థమూ వేరు.

ఈ కుటుంబానికే చెందిన మరి మూడు క్రియలను కూడా గుర్తుంచుకోండి.

రివైవ్ అంటే ప్రాణం పోయడం. దీని లాటిన్ మూలంలో 'జీవించు' అన్న అర్థమున్నది. అరబీలోని 'ఇహ్యా' కూడా 'హయాత్' కుటుంబంలోనిదే. బీడు భూమిని సాగులోకి తేవడాన్ని ఫిఖ్‌హ్ గ్రంథాలు 'ఇహ్యావుల్ మవాత్' అంటాయి. స్పృహ తప్పిన మనిషినీ, వాడిన మొక్కనూ, మరుగునపడిన సంప్రదాయాన్నీ రివైవ్ చేస్తారు.

రీస్టోర్ అంటే పూర్వస్థితికి తేవడం. 2015లో మిషన్ కాకతీయ పేరిట మన తెలంగాణలో చెరువుల పునరుద్ధరణ మొదలైంది. పూడిక తీశారు, కట్టను బలపరిచారు, తూములూ అలుగులూ బాగుచేశారు. ఆ పనికి తగిన మాట రీస్టోర్. పోయిన వస్తువును సొంతదారుకు తిరిగి అప్పగించడానికి కూడా ఇదే మాట వాడవచ్చు.

రెన్యూ అంటే గడువు తీరినదానికి కొత్త గడువు ఇవ్వడం. అరబీలో 'తజ్దీద్'. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు ఇఖామాను రెన్యూ చేయించుకుంటారు. పాస్‌పోర్టుకు కూడా రెన్యూవల్ అనే అంటాము గాని, మన దేశంలో దరఖాస్తు చేసేటప్పుడు ఎంచుకోవలసిన మాట రీఇష్యూ.

ఒక హెచ్చరిక. ఈ క్రియలలో 'రీ' అన్నదానికే 'మళ్ళీ' అన్న అర్థమున్నది. కనుక 'రీస్టార్ట్ అగైన్' అనీ, 'రిటర్న్ బ్యాక్' అనీ రాయడం కడుపు నిండినవానికి మరల వడ్డించడం వంటిది.

ఆ సాయంత్రం అమ్మాయి చేతనే దరఖాస్తు తిరగరాయించాను. 'ఐ పాస్డ్ ద ఫస్ట్ ఇయర్ ఎగ్జామినేషన్స్. ఐ విష్ టు రిజ్యూమ్ మై స్టడీస్ ఇన్ ద సెకండ్ ఇయర్' అని రాసి, మార్కుల మెమో నకలు జతచేసింది. ఒక్క మాట మారినంత మాత్రాన తలుపులన్నీ తెరుచుకుంటాయని నేను చెప్పను. మెమో లేకుంటే మాట ఒక్కటే చాలదు. కాని ఈసారి కార్యాలయంలో ఆమె అడిగినదేమిటో అర్థమైంది. ఇప్పుడు రెండవ సంవత్సరం పాఠాలు చదువుకుంటోంది, అల్‌హందులిల్లాహ్.

తల్లిదండ్రులకు నా మనవి. ఇంట్లో జబ్బు వచ్చినా, పెళ్ళి వచ్చినా, ముందుగా ఆగేది ఆడపిల్ల చదువే. దానిని తిరిగి అందుకోవడానికి ఆమె తెగించినప్పుడు, 'మళ్ళీ మొదటినుండా?' అని నిరుత్సాహపరచకండి. ఎక్కడ ఆగిందో అడగండి, దరఖాస్తు పక్కన కూర్చొని రాయించండి. రెగ్యులర్ కళాశాలకు వెళ్ళే వీలులేనివారికి సార్వత్రిక విద్యాపీఠం ఉన్నది.

పిల్లలూ, మీకొక అభ్యాసం. చెరువు, ఇఖామా, ఆగిన హిఫ్జ్, వాడిన గులాబీ మొక్క: ఈ నాలుగింటికీ తగిన క్రియను ఎంచుకొని నాలుగు వాక్యాలు రాయండి. ఇన్‌షాఅల్లాహ్, వచ్చే నెల మళ్ళీ కలుసుకొని పాఠాన్ని రిజ్యూమ్ చేద్దాం.