దొరలకు వయసాపే మందు, వాడకు సుద్దముక్క మాత్ర

ఈ మధ్య డబ్బున్నోళ్లకి కొత్త యావ పట్టుకుంది. ముసలితనాన్ని వాళ్లు రోగం కింద రాసుకుని దానికి మందు మింగుతున్నారు. అమెరికా కోటీశ్వరులతో మొదలైన ఈ తంతు మన హైదరాబాదు దాకా వచ్చింది. 'యాంటీ ఏజింగ్' అని బోర్డులు కట్టిన క్లినిక్కులు లేచాయి. ఏ డాక్టరు చేత చీటీ రాయించుకోవాలి, ఎక్కడ చవగ్గా దొరుకుతుంది, ఎవర్ని నమ్మొచ్చు అని వాళ్లలో వాళ్లు వాకబు చేసుకుంటున్నారు. వాళ్ల డబ్బు, వాళ్ల ఒళ్లు, మనకేం పోయింది అని పక్కన పెడదామనుకున్నాం. కానీ వాళ్లు మింగే మందుల్లో ముందు వినపడే పేరు చూశాక పక్కన పెట్టబుద్ధి కాలేదు. ఆ మందు మెట్‌ఫార్మిన్.

మన పేటల్లో షుగరున్న ఏ ముసలమ్మ కొంగుముడి విప్పినా కనిపించే తెల్లమాత్ర అది. రోగంలేని దొర నూరేళ్లు బతకడానికి మింగుతున్నాడు. రోగమున్న మన అమ్మకి నెలలో పదిరోజులు ఆ మాత్ర దొరకదు. దొరికినా అది మందో సుద్దో తెలియదు. ఈ సంపాదకీయం ఆ పదిరోజుల గురించి.

బాబాసాహెబ్ 1948 నుంచి మధుమేహంతో బాధపడ్డాడు. 1956 డిసెంబరు 6న, 65 ఏళ్లకే మనల్ని విడిచిపోయాడు. ఆ మరుసటి ఏడాదే, 1957లో, ఫ్రాన్సులో జీన్ స్టెర్న్ అనే డాక్టరు మెట్‌ఫార్మిన్ మనుషులకి పనికొస్తుందని చూపించి ప్రచురించాడు. అంటే ఇది మన తాతల కాలపు మందు. పేటెంటు ఎప్పుడో పోయింది. ఎవరైనా తయారుచెయ్యొచ్చు. జన ఔషధి దుకాణంలో మాత్ర రూపాయి అటూ ఇటూగా ఉంటుంది.

ఇది వయసుని ఆపుతుందా? ఆపుతుందని ఎవరూ రుజువు చెయ్యలేదు. 2014లో బ్రిటన్‌లో పాత రికార్డులు తిరగేసిన ఒక పరిశోధన, షుగరుండి ఈ మాత్ర మింగేవాళ్లు షుగరు లేనివాళ్ల కన్నా కొంచెం ఎక్కువే బతికారని చెప్పింది. దాంతో లోకమంతా గోల. 2022లో డెన్మార్కు లెక్కలతో మళ్లీ చూస్తే ఆ లాభం కనపడలేదు. నీర్ బార్జిలై అనే న్యూయార్కు డాక్టరు దీనిమీద పెద్ద పరీక్ష పెట్టాలని ఏళ్ల తరబడి తిరిగాడు. చవక మందు మీద ఏ కంపెనీకి లాభం? డబ్బు పెట్టేవాడు దొరకడమే గగనమైంది. సైన్సు కూడా లాభమున్న వైపే ముందు నడుస్తుంది మరి.

రెండో మందు రాపమైసిన్. 1964లో కెనడా వాళ్లు ఓడలో వెళ్లి రాపనుయ్ అనే దీవి మట్టి తెచ్చుకున్నారు. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి అవిభక్త భారతదేశంలో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్ బృందం 1970లలో ఈ మందు తీసింది. కిడ్నీ మార్చినవాళ్లకి కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా ఉండటానికి 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2009లో ఎలుకలకి పెడితే ఎక్కువకాలం బతికాయి. ఎలుకల సంగతి అది. మనిషి ఆయుష్షు పెంచుతుందని ఇంకా తేలలేదు. ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తిని తగ్గించే మందు అది. మందుకి దీవి పేరు పెట్టారు గానీ దీవి జనానికి వాటా పెట్టలేదు. ఈ కథ మనకి కొత్త కాదు గదా.

ఇక మన వయసు మాట. 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం ఒక నివేదిక అచ్చేసింది. అందులో దళిత స్త్రీ చనిపోయే సగటు వయసు 39.5 ఏళ్లు. అగ్రకుల స్త్రీకి 54.1 ఏళ్లు. చనిపోయినవాళ్ల వయసుల సగటు ఇది, ప్రతి ఆడమనిషీ నలభైకే పోతుందని దీనర్థం కాదు. అయినా మధ్యలో 14.6 ఏళ్ల తేడా ఉంది. ఆ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో నాట్లేసే నడుముని అడగాలి, పత్తికి మందుకొట్టే ఊపిరితిత్తుల్ని అడగాలి, మోరీలో దిగే చేతుల్ని అడగాలి. వయసాపే మందు నిజంగా ఉంటే ముందు ఇవ్వాల్సింది ఎవరికి?

మన వాడలో కూడా ఒక 'వయసాపే మందు' నడుస్తోంది. దాని పేరు బలం సూది. మోకాళ్లు పట్టేశాయని ఆర్ఎంపీ దగ్గరికి పోతే చాలాచోట్ల గుచ్చేది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు. పొద్దున గుచ్చితే సాయంత్రానికి లేచి కూలికి పోతాం. దేవుడులాంటి డాక్టరనుకుంటాం. నెలనెలా గుచ్చించుకుంటే అదే సూది షుగరు పెంచుతుంది, బీపీ పెంచుతుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. దానికి తోడు రోజూ మింగే నొప్పిమాత్ర డైక్లోఫెనాక్ కిడ్నీని తినేస్తుంది. ఆర్ఎంపీని తిట్టడం మా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది వాడలో అతనొక్కడే. ప్రభుత్వ డాక్టరు రాని చోటికి అతను వచ్చాడు. కానీ ఏ సూది గుచ్చుతున్నావు, పేరేమిటి, కాగితం మీద రాయి అని అడిగే హక్కు మనకుంది.

ఆడపిల్లల ముఖాల మీద ఇంకో వ్యాపారం జరుగుతోంది. పట్నంలో ముడతలు పోవడానికి డాక్టర్లు రాసే మందు ట్రెటినాయిన్. అది నిజంగా పనిచేసే మందే, చీటీ మీద కొనాల్సిన మందు. కడుపుతో ఉన్నవాళ్లు వాడకూడదు. దాన్ని హైడ్రోక్వినోన్‌తో, ఒక స్టెరాయిడుతో కలిపి ట్యూబుల్లో నింపితే, మన ఊళ్లలో అది తెల్లబడే క్రీము పేరుతో చీటీ లేకుండా అమ్ముడుపోతోంది. పెళ్లిచూపులకి ముందు పిల్ల పూసుకుంటుంది. మొదట్లో మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రగా మండుతుంది, మొటిమలు లేస్తాయి, మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది. 2018లో కేంద్రం స్టెరాయిడు క్రీముల్ని చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. దుకాణం గోడకి ఆ షెడ్యూలు తెలియదు. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఇంకోరకం క్రీములు, పాదరసం కలిసినవి, వాడినవాళ్లకి కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి. నల్లగా ఉంటే తప్పని మన పిల్లకి ఎవరు చెప్పారో మనందరికీ తెలుసు. ఆ మాట చెప్పినవాడే క్రీము అమ్ముతున్నాడు.

ధర సంగతికొద్దాం. ఒకే మందుకి రెండు పేర్లుంటాయి. ఒకటి మందు అసలు పేరు, రెండోది కంపెనీ పెట్టుకున్న ముద్దుపేరు. చీటీలో డాక్టరు రాసేది ముద్దుపేరు. ఆ ముద్దుపేరుకే మనం డబ్బు కడుతున్నాం. అసలు పేరు పెద్ద అక్షరాల్లో రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చింది. అదే నెలలో పక్కన పెట్టేసింది. ఎవరి ఒత్తిడికి పెట్టిందో చదువరులు ఊహించుకోవచ్చు.

ఒకప్పుడు ఈ దేశం ధరకి కళ్లెం వేసింది. 1970 పేటెంటు చట్టం మందు మీద పేటెంటు తీసేసి తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంచింది. హైదరాబాదు బాలానగర్‌లో సోవియట్ సాయంతో ప్రభుత్వం ఐడీపీఎల్ ఫ్యాక్టరీ పెట్టింది. ఆ గేటు లోపల పని నేర్చుకున్నవాళ్లే తర్వాత ప్రైవేటు మందుల కంపెనీలు పెట్టి కోట్లకి పడగలెత్తారు. ఐడీపీఎల్‌ని 1992లో ఖాయిలా పరిశ్రమగా తేల్చి, 2016లో మూతవెయ్యాలని కేంద్రం తీర్మానించింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది, 2005లో మందు మీద పేటెంటు తిరిగొచ్చింది. ధరల అదుపు కూడా మెత్తబడింది. మందు తయారీకి ఎంత ఖర్చయిందో చూసి ధర కట్టే పద్ధతి పోయి, 2013 నుంచి బజారులో అమ్ముడయ్యే బ్రాండ్ల సగటు ధరే పరిమితి అయింది. టోకు ధరలు పెరిగితే ఏప్రిల్‌లో ఇదీ పెరుగుతుంది. 2022లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం పెంచుకోనిచ్చారు. మన కూలి ఆ రెండేళ్లలో ఎంత పెరిగిందో ఎవరికి వారు లెక్క చూసుకోండి.

మందుల ఫ్యాక్టరీలు మన నేల మీదే ఉన్నాయి. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల ఊళ్ల నీళ్లు పాడైంది ఈ మందుల కోసమే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి శుద్ధికేంద్రం నుంచి బయటకొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉందని చూపించారు. మందు మన చెరువులో ఉచితంగా కలుస్తుంది, మన చేతికి మాత్రం కొంటేనే వస్తుంది!

చవక మందు నమ్మొచ్చా అని మన కార్యకర్తలే అడుగుతున్నారు. "సర్కారు మాత్ర పని చెయ్యదన్నా, పేదోళ్ల మాత్ర అది" అంటున్నారు. ఈ మాట ముందు దులిపెయ్యాలి. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ ఏ పేరుతో వచ్చినా లోపలి మందు ఒకటే. నాసిరకం మందులంటూ కేంద్ర ఔషధ సంస్థ నెలనెలా జాబితా ఇస్తుంది. అందులో చవకవీ ఉంటాయి, ఖరీదైన బ్రాండ్లూ ఉంటాయి. 2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు దుకాణాల్లో పట్టుకున్న నకిలీ మాత్రల్లో సుద్దపొడి, గంజిపిండి తేలాయి. పట్టీ మీద ఉన్న కంపెనీ భూమ్మీదే లేదు. వాటిమీద ధర మాత్రం అసలు మందులాగే అచ్చేశారు. ధర ఎక్కువైతే మందు మంచిదన్న నమ్మకం మీదే దొంగ బతుకుతున్నాడు.

కాబట్టి కొనేటప్పుడు బిల్లు అడగండి. "పది రూపాయల మాత్రకి బిల్లేంది" అని కసిరినా అడగండి. బిల్లు మీద బ్యాచి నంబరు ఉండాలి. పట్టీ కత్తిరించి ఇస్తే గడువు తేదీ, బ్యాచి నంబరు ఉన్న ముక్క మీదగ్గర ఉండేటట్టు చూసుకోండి. 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడు ఉండాలని నియమం. ఫోనున్న పిల్లల చేత చూపించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధరే గుంజుతుంటే నిలదీయండి. ఇన్సులిన్ సీసా చల్లగా ఉండాలి. ఫ్రిజ్ లేని దుకాణంలో కొనొద్దు, ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే తడిబట్ట చుట్టిన కొత్తకుండలో నీడపట్టున పెట్టుకోండి.

మందు మీద అనుమానమొస్తే ఒక తోవ ఉంది, చాలామంది సంఘాల వాళ్లకి కూడా తెలియదు. 1940 నాటి మందులు, సౌందర్య సాధనాల చట్టంలో 26వ సెక్షన్ ప్రకారం, మందు కొన్న ఏ మనిషైనా, గుర్తింపు ఉన్న ఏ వినియోగదారుల సంఘమైనా ఫీజు కట్టి దాన్ని ప్రభుత్వ విశ్లేషకుడికి పంపి రిపోర్టు అడగొచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టరు దయ అక్కర్లేదు. ఒక్కడికి ఫీజు భారమైతే వాడంతా కలిసి కట్టొచ్చు. సుద్దముక్క అని రిపోర్టు వస్తే ఆ కాగితం వంద ఊరేగింపుల పెట్టు.

జన ఔషధి పథకం 2008లో మొదలైంది. 2025 నాటికి దేశంలో 15 వేల దుకాణాలు దాటాయంటున్నారు. మంచిదే. కానీ ఆ దుకాణం పట్నంలో ఉంటుంది, మన పేట నుంచి ఆటో ఛార్జీకే మిగిలింది పోతుంది. పోయినా "స్టాకు లేదు, ఇది తీసుకో" అని పక్క అరలోది అంటగడతారు. అందుకని మేమనేది: బీపీ, షుగరు మాత్రలు కొనే వస్తువులే కాకూడదు. అవి పల్లె దవాఖానాలో, విలేజ్ క్లినిక్‌లో నెలకు సరిపడా ఉచితంగా ఇవ్వాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. తమిళనాడు 1990ల మధ్యలోనే మందులు టోకున కొనే కార్పొరేషన్ పెట్టి ఆసుపత్రులకి సరఫరా చేసింది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2 నుంచి సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో కార్పొరేషన్లూ ఉన్నాయి, పథకాలూ ఉన్నాయి, ఆశా అక్కలూ ఉన్నారు. వాడకి వచ్చేసరికే డబ్బా ఖాళీ అవుతోంది.

ఒక జాగ్రత్త. ఇది చదివి ఎవరూ మింగే మాత్ర మానెయ్యొద్దు, సొంతంగా మార్చొద్దు. కిడ్నీ పాడైనవాళ్లకి మెట్‌ఫార్మిన్ ప్రమాదం కావచ్చు. ఏడాదికోసారైనా రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. ఆ పరీక్ష కూడా సర్కారు ఆసుపత్రిలో ఉచితంగానే చెయ్యాలి. షుగరు లేనివాళ్లు వయసాగుతుందని ఈ మాత్ర మింగొద్దు. ఆ పిచ్చి దొరలకి వదిలేద్దాం.

వచ్చే గ్రామసభలో ఒక్క ప్రశ్న వెయ్యండి. మన సబ్‌సెంటరుకి ఈ ఏడాది నెలనెలా ఎన్ని మెట్‌ఫార్మిన్, ఎన్ని ఆమ్లోడిపిన్ మాత్రలొచ్చాయి, మన పేటలో ఎంతమందికి ఎన్నిచ్చారు? జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద స్టాకు రిజిస్టరు నకలు అడగండి. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్లకి ఫీజు లేదు, కార్డు జిరాక్సు జతచేస్తే చాలు. రాయడం రానివాళ్లకి మన యువజన సంఘం పిల్లలు రాసిపెట్టాలి. వచ్చిన నకళ్లు, దుకాణం బిల్లులు, కత్తిరించిన పట్టీ ముక్కలు మాకు పంపండి. ఊరి పేరు, నెల రాయండి, రోగి పేరు రాయొద్దు. ఏ ఊళ్లో ఎన్ని రోజులు మాత్ర లేదో వచ్చే సంచికల్లో వరసగా అచ్చేస్తాం.