సంపాదకుని మాట: లైసెన్సు ఒక ఎత్తు, వీసా ఒక ఎత్తు

అమెరికాలో నర్సు లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, ఒక్కో రాష్ట్రపు నర్సింగ్ బోర్డు. విదేశాల్లో చదివినవారి మార్కుల పత్రాలు కళాశాల నుంచి, రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ సొంత రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి మదింపు సంస్థకు నేరుగా చేరాలి. గుంటూరు నర్సయినా, వరంగల్ నర్సయినా తానే పట్టుకెళ్లి ఇస్తే చెల్లదు. నర్సు లైసెన్సు పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్ గట్టెక్కాలి. వీసాకైతే, 1996 నాటి వలస చట్టం పెట్టిన షరతు ప్రకారం అర్హతలను ధ్రువీకరించే వీసాస్క్రీన్ పత్రమూ ఉండాలి.

అసలు చిక్కు ఆ తర్వాతే. నర్సుల కొరతను అమెరికా కార్మిక శాఖే గుర్తించి, షెడ్యూల్-ఎ కింద వారికి లేబర్ సర్టిఫికేషన్ (ఆ ఉద్యోగానికి స్థానికులు దొరకలేదని నిరూపించే) ప్రక్రియ నుంచి వెసులుబాటు ఇచ్చింది. గ్రీన్‌కార్డు మాత్రం ఎక్కువగా ఉద్యోగ ఆధారిత ఈబీ-3 కోటాలోనే, అదీ ఒక్కో దేశానికి 7 శాతం పరిమితితో. కొరత ఉందంటూనే వరుసలో నిలబెట్టడం వింతే. భారతీయులకు ఆ నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వెళ్లే హెచ్-1బీ దారి మామూలు వార్డు నర్సుకు అరుదుగానే తెరుచుకుంటుంది. ఆ ఉద్యోగానికి బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరి అర్హత కాకపోవడమే కారణం.