నాచు అన్న ఒక్క మాట చాలదు: మంచినీటి సరస్సుల్లో హైడ్రిల్లా గుర్తింపు

గరాటు కింద ఉంచిన హైడ్రిల్లా కొమ్మ నుండి ఆక్సిజన్ బుడగలు వెలువడే ప్రయోగం వృక్షశాస్త్ర విద్యార్థులకు సుపరిచితమే. అదే మొక్క చెరువు అడుగున కనిపించినప్పుడు పేరు చెప్పడానికి చాలామంది తడబడతారు. రైతులు, మత్స్యకారులు నీట మునిగి పెరిగే ప్రతి మొక్కనూ నాచు అనే అంటారు. వారి వాడుకలో అది తప్పు కాదు. కాని సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త కూడా ఆ మాట దగ్గరే ఆగిపోతే సిఫారసు గురి తప్పుతుంది. జాతిని నిర్ధారించకుండా నివారణ చర్య సూచించరాదన్నదే ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

హైడ్రిల్లా వెర్టిసిల్లేటా కణుపు వద్ద సాధారణంగా 4 నుండి 8 ఆకులు చక్రాకారంగా అమరి ఉంటాయి. ఆకు అంచున రంపపు పళ్ళు చాలావరకు కంటికే కనిపిస్తాయి. మధ్య ఈనె అడుగు భాగాన సన్నని ముళ్ళుండడం వల్ల తాకితే గరుకుగా ఉంటుంది. అడుగు మట్టిని తవ్వితే చిన్న దుంపలు దొరకవచ్చు. సెరటోఫిల్లంలోనూ ఆకులు చక్రాకారంగానే ఉంటాయి, కాని అవి పాయలుగా చీలి ఉంటాయి, వేర్లుండవు. నజాస్ ఆకులు దాదాపు ఎదురెదురుగా ఉండి, మొదట్లో కాండాన్ని తొడుగు వలె చుట్టుకొంటాయి. వాలిస్నేరియాకు పొడవైన పట్టీల వంటి ఆకులు మొదలు నుండే గుత్తిగా వెలువడతాయి. కారా మొక్క వలె కనిపించినా అది శైవలం. నలిపితే వెల్లుల్లిని పోలిన ఘాటు వాసన వస్తుంది.

ఈ భేదాలు కేవలం వర్గీకరణ శాస్త్రానికి సంబంధించినవి కావు. శైవలాలకు వాడే మైలుతుత్తం మోతాదు కారాపై పనిచేయవచ్చు. అదే మోతాదు హైడ్రిల్లాను అదుపు చేస్తుందని ఆశించలేం. వేర్లు లేని సెరటోఫిల్లంను వలతో లాగి తీయవచ్చు. హైడ్రిల్లాను కోసి వదిలితే కణుపు ఉన్న చిన్న ముక్క నుండి కూడా కొత్త మొక్క పెరుగుతుంది. మట్టిలోని దుంపలు కొన్నేళ్ళపాటు జీవించి ఉండగలవు. మందుతో మొక్కలన్నీ ఒకేసారి చచ్చి కుళ్ళితే నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోతాయి. ఆ నష్టం భరించవలసింది సలహా ఇచ్చినవారు కాదు, మత్స్యకారులు.

మరో పొరపాటు గ్రంథపఠనం వల్ల కలుగుతున్నది. హైడ్రిల్లా 1950వ దశకంలో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి, అక్కడ పెద్ద బెడదగా మారింది. ఆ సాహిత్యం చదివిన మన విద్యార్థులు ఇక్కడ కూడా దానిని పరాయి మొక్కగా నమోదు చేస్తే అది దోషమే. హైడ్రిల్లా మన దేశపు సహజ వృక్షజాలంలో భాగం. దక్షిణ అమెరికా నుండి వచ్చిన గుర్రపుడెక్కను, ఈ దేశీయ మొక్కను ఒకే గాటన కట్టరాదు. కొల్లేరు వంటి సరస్సులో నీటమునిగిన మొక్కలు చేపపిల్లలకు మాటు, నీటిపక్షులకు ఆహారం. 1959లో మన దేశానికి తెచ్చిన గడ్డిచేప పెంపకపు చెరువులో ఉపయోగకరం కావచ్చు; సహజ సరస్సులో వదిలితే అది కలుపును మాత్రమే ఏరుకొని తినదు.

హైడ్రిల్లా సమస్య కాదని దీని అర్థం కాదు. సాగునీటి కాలువలో ప్రవాహాన్ని అడ్డుకొన్నప్పుడు, చేపల చెరువులో దట్టంగా అల్లుకొన్నప్పుడు తొలగించక తప్పదు. అయితే కాలువకు తగిన సిఫారసును సరస్సుకు వర్తింపజేయరాదు.

అందువల్ల క్షేత్ర పర్యటనలో ఒక భూతద్దం, ఒక తెల్లని పళ్ళెం వెంట ఉండాలి. మొక్కను వేర్లతో, కొద్దిపాటి అడుగు మట్టితో సేకరించి, పళ్ళెంలోని నీటిలో పరచి చూడాలి; నీటి నుండి తీస్తే ఆకులు ముద్దగా అంటుకొని లక్షణాలు మరుగునపడతాయి. సందేహముంటే నమూనాను వృక్షశాస్త్ర విభాగానికి పంపాలి. నివేదికలో నాచు అని రాసే చోట ప్రజాతి పేరైనా రాయడం మన విద్యార్థులకు అలవాటు కావాలి. సరైన సిఫారసుకు అదే తొలి మెట్టు.