క్రమబద్ధీకరణమట!

మార్కాపురం నుండి గిద్దలూరు వరకు చేలలో నాటిన అంకెల రాళ్లను చూచినప్పుడల్లా, ‘క్రమబద్ధీకరణ’ అన్న మాటకు అర్థమేమిటా అని ఈ ముసలి పంతులుకు సందేహం.

లేఅవుటులో 10 శాతం ఖాళీస్థలం వదలాలన్నది నియమం. వదలనివాడు ప్లాట్లమ్ముకొని పోతాడు. కొన్నవాడేమో లేని ఆ స్థలానికి సొమ్ము చెల్లించి తప్పును ఒప్పు చేసుకోవాలి! 2007 డిసెంబరు 31 నాటి 902వ జీవో ఒకటి, మళ్లీ 2020లో, మరల 2025లో. సొమ్ము కట్టినంత మాత్రాన ఆ వీధిలో పిల్లలాడుకొనే చోటు మొలుస్తుందా? రుసుము పుచ్చుకొని అపశబ్దాన్ని సాధుశబ్దమనే పండితుణ్ణి ఏ బడిలోనైనా ఉంచుతారా, మిత్రులారా?

మాది పలకల ఊరు. అంతమాత్రాన చట్టాన్నీ పలకలా మాటిమాటికీ తుడిచేయాలా? అమ్మినవాని వద్ద వసూలు చేయండి. మొదటి రాయి నాటిననాడే ఆపండి.