అరిచే అప్పు, కరిచే అప్పు

మా నెల్లూరు కోస్తాలో వడ్డీని శాతాల్లో చెప్పుకోరు, రూపాయల్లో చెప్పుకుంటారు. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, యేడాదికి 12. రెండు రూపాయలంటే యేడాదికి 24. అల్లూరు వైపు వరి పండించే ఆసామీ అయినా, మైపాడులో వేటకు పోయే మనిషైనా యీ లెక్క నోటిమీదే చేసేస్తాడు. మూడు రూపాయలంటే మొహం చిట్లిస్తాడు. అయిదన్న వాడి వీధి గుండా నడవడానికే జంకుతాడు.

అటువంటి మనమే క్రెడిట్ కార్డు దగ్గరకు వచ్చేసరికి యీ లెక్క మరచిపోతున్నాం. కాగితం మీద 3.75 శాతం అని అచ్చువేస్తారు. అది నెలకా, యేడాదికా అని అడిగేవారు అరుదు. అది నెలకే! ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. వేరే. మన భాషలో చెప్పాలంటే యించుమించు నాలుగున్నర రూపాయల వడ్డీ. ఊళ్ళో యెవరైనా యీ మాట పైకి అంటే కసాయివాడని పేరు పెడతాం. అదే చల్లని అద్దాల గదిలోంచి వస్తే సంతకం పెట్టి పర్సులో దాచుకుంటాం.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు కృష్ణపట్నం రేవు దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రికి ఇందుకూరుపేట వైపు రెండు రొయ్యల గుంటలు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు రొయ్య ధర పడింది. గుంటలో పెట్టిన డబ్బు గుంటలోనే పోయింది. ఇల్లు గడవడానికి కుర్రాడు అప్పులు చేశాడు. పోయిన నెలలో ఆ కాగితాలన్నీ పట్టుకుని మా యింటికి వచ్చి, "సార్, యేది ముందు తీర్చాలో తెలియడం లేదు" అన్నాడు.

మొత్తం అయిదు అప్పులు. మొదటి కార్డు మీద 96,000 రూపాయలు, నెలకు 3.75 శాతం. రెండో కార్డు మీద 40,000, నెలకు 3 శాతం. తల్లి గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన లక్ష, యేడాదికి 9 శాతం. ఊళ్ళో ప్రోనోటు మీద తెచ్చిన 50,000, రెండు రూపాయల వడ్డీ. మేనమామ చేబదులిచ్చిన 30,000. దానికి వడ్డీ లేదు. ఇంటిఖర్చులు పోను అప్పులకు నెలకు 15,000 తీయగలడు.

ఇన్నాళ్ళూ వాడు చేస్తున్నదేమిటంటే, కార్డులకు బిల్లులో చూపే కనీస మొత్తం, గాజులకు వడ్డీ కట్టి, మిగిలిన 7,450 రూపాయలూ ప్రోనోటు ఆసామీకీ, మేనమామకీ పంచుతున్నాడు. ఎందుకయ్యా అంటే, ప్రోనోటు ఆయన పొద్దున్నే వాకిట్లోకి వచ్చి నిలబడతాడట. అరవడు, తిట్టడు. "నాన్న వున్నాడా?" అని మాత్రం వీధంతా వినబడేట్టు అడుగుతాడు. కార్డు అలా వాకిట్లో నిలబడదు గదా!

నేను మొదటి కార్డు బిల్లు తీసుకుని వాడిచేతనే లెక్క వేయించాను. కనీస మొత్తం 5 శాతం, అంటే 4,800. అందులో వడ్డీ 3,600. జి.ఎస్.టి. 648. అసలులో తగ్గింది 552 రూపాయలు! వాడు కలం కిందపెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నెలనెలా అయిదువేలకు దగ్గరగా కడుతున్నానన్న ధీమాతో వున్న మనిషికి ఆ 552 చూస్తే మాట రాకపోవడంలో వింతేముంది?

అరిచే కుక్క కరవదన్న మాట అప్పులకూ వర్తిస్తుంది. అరిచే అప్పు వేరు, కరిచే అప్పు వేరు. మనం పరువుకు భయపడి అరిచేదాని నోరు మూస్తూ వుంటాం. కరిచేది చప్పుడు చేయకుండా తన పని తాను చేసుకుపోతుంది.

అంచేత వరుస యిలా పెట్టాం. ముందు దేన్నీ గడువు దాటనివ్వకూడదు. కార్డులకు కనీస మొత్తాలు 4,800, 2,000. గాజుల వడ్డీ 750, యెందుకంటే అది తప్పితే చివరకు వేలందాకా పోతుంది. ప్రోనోటు వడ్డీ 1,000. ఇవి పోగా 6,450 మిగులుతుంది. అదంతా మొదటి కార్డుకే. ఆ 6,450 ప్రోనోటుకు వేస్తే నెలకు కలిసివచ్చేది 129 రూపాయలు. కార్డుకు వేస్తే 285. మొదటి కార్డుకు నెలకు 11,250 తగ్గకుండా కడితే 11 నెలల్లో అది తీరుతుంది. ఆ డబ్బు రెండోదానికి మళ్ళిస్తే మరి మూడు నెలలకు అదీ తీరుతుంది. ఆ తరువాత ప్రోనోటుకు నాలుగు నెలలు చాలు. ఒకటే షరతు: ఈలోగా కార్డు గీకకూడదు. పాత బాకీ వుండగా కొత్తగా కొన్నదానికి వడ్డీలేని రోజులుండవు. కొన్న దగ్గరనుంచీ వడ్డీయే.

లోపలినుంచి మా యింటావిడ వింటున్నది కాబోలు, వచ్చి కూర్చుని, "మీ లెక్క బాగానే వున్నది. మేనమామ అప్పుకు వడ్డీ లేదంటారేమిటి? రేపు పెళ్ళిలో ఆయన పలకరించకపోతే అది వడ్డీ కాదూ? చిన్నది ముందు తీర్చేస్తే ఒక తలుపైనా మూసుకుంటుంది, మనిషికి ధైర్యం వస్తుంది" అన్నది. చిన్న బాకీలు ముందు తీరిస్తే ఉత్సాహం పుట్టి మిగతావీ తీరుస్తారని చెప్పే పండితులు విదేశాల్లోనూ వున్నారు. రెండు అప్పులకూ వడ్డీ యించుమించు సమానమైతే ఆవిడ మాటే నా మాట. కానీ వడ్డీలేని దానికీ నాలుగున్నర రూపాయల దానికీ పోటీ పెట్టకూడదు. మేనమామ దగ్గరకు డబ్బు లేకుండానైనా వెళ్ళాలి. కాగితం చూపించి, "ఫలానా నెలలో మీది మొదలుపెడతాను మామయ్యా" అని చెప్పాలి. తప్పించుకు తిరిగితే బంధుత్వం చెడుతుంది. తేదీ చెప్పి, ఆ తేదీకి నిలబడితే చెడదు. దీనికి మా యింటావిడ కూడా ఒప్పుకున్నది.

చట్టం మనకు అడ్డు నిలుస్తుందా అని అడిగేవారికి రెండు మాటలు. ఒకే మనిషికి రెండు మూడు బాకీలుంటే, కట్టే డబ్బు యే బాకీకి జమ వేయాలో చెప్పే హక్కు అప్పున్నవాడిదేనని 1872 కాంట్రాక్టు చట్టం అంటున్నది. చెప్పకపోతే ఆ హక్కు అప్పిచ్చినవాడికి పోతుంది. కాబట్టి డబ్బిచ్చేటప్పుడే చెప్పి, రసీదులో వ్రాయించుకోండి. మా జిల్లా మద్రాసు రాష్ట్రంలో వుండగా, 1938లో వచ్చిన రైతు ఋణ విముక్తి చట్టం, అసలుకు రెండింతలు కట్టిన రైతుకు ఆ బాకీ తీరినట్టే లెక్క అన్నది. కార్డుకు అటువంటి గట్టు లేదు. యేడాదికి 30 శాతం దాటిన కార్డు వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ నెలలూ యేళ్ళూ సాగుతుందని బిల్లులో హెచ్చరించాలని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ హెచ్చరిక చదివే బాధ్యత మాత్రం మనదే.

పాఠకులలో యెవరికైనా యిటువంటి కాగితాలు బీరువాలో చీరల మడతల కింద దాగివుంటే, ఈ ఆదివారం బయటికి తీయండి. తెల్లకాగితం మీద నాలుగు గళ్ళు గీయండి: ఎవరికి, ఎంత, నూటికి నెలకు ఎన్ని రూపాయలు, తప్పితే పోయేదేమిటి. మూడో గడి చూసి వరుస పెట్టండి. నాలుగో గడి చూసి జాగ్రత్తపడండి. ఆ కాగితం భార్యకు తెలియకుండా భర్తా, భర్తకు తెలియకుండా భార్యా వ్రాయవద్దు. సగం అప్పులు దాచి వేసిన వరుస నిలవదు. ఇంట్లో వాళ్ళకు చెప్పడం ఆ రోజుకు కష్టంగానే వుంటుంది గాని, మరునాడు వాకిట్లో యెవరు నిలబడ్డా యింట్లో అందరూ ఒకటే సమాధానం చెప్పగలుగుతారు.