గోధుమలన్నీ ఒకటి కావు

మధుమేహ రోగులకు "అన్నం మాని గోధుమ తినండి" అని చెప్పడం మన ఇండ్లలో పరిపాటి. "మొలకెత్తిన గోధుమల జావ అయితే ఎంతైనా తాగవచ్చు" అనే మాట కూడా దానికి తోడైంది. గోధుమ అంటే ఒకే గుణం గల ధాన్యమన్న భావనే ఈ పొరపాటుకు మూలం.

16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన 'భావప్రకాశం'లో గోధుమలను మహాగోధూమం, మధూలి, నందీముఖి అని మూడు విధాలుగా పేర్కొన్నాడు. గోధుమ గురువు, స్నిగ్ధం అంటూనే మధూలిని లఘువుగా వర్ణించాడు. ధాన్యం పేరుతోపాటు దాని రకాన్నీ విచారించాలన్నది ఇందులోని నీతి.

నేటి జన్యుశాస్త్రం ఈ విచారణను మరింత లోతుకు తీసుకుపోయింది. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములలో బీటా అమైలేజ్ గింజ పెరిగేటప్పుడే చేరుతుంది. ఆల్ఫా అమైలేజ్ ప్రధానంగా మొలకెత్తేటప్పుడు పుడుతుంది. జన్యుభేదాల వలన వీటి పరిమాణం రకానికొక తీరుగా ఉంటుంది. కోతకు ముందు వాన పడితే కొన్ని రకాలు వెన్ను మీదనే మొలకెత్తుతాయి. ఎర్రగింజ రకాలు సాధారణంగా దీనిని తట్టుకుంటాయి, తెల్లగింజ రకాలు త్వరగా లొంగిపోతాయి. మరికొన్ని రకాలలో, గింజ ముదిరే వేళ చలి తగిలితే, మొలక కనిపించకుండానే ఆల్ఫా అమైలేజ్ పెరుగుతుంది. మొలకెత్తిన గింజల పిండితో చేసిన బ్రెడ్డు లోపల జిగటగా ఉండవచ్చు.

ఈ ఎంజైమే పసిబిడ్డకు మేలు చేయగలదు. చిక్కని జావను బిడ్డ మింగలేదు, నీళ్లు కలిపితే బలం తగ్గుతుంది. మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరిన గోధుమపిండి ఒక చెంచా కలిపితే ఉడికిన చిక్కని జావ కొద్ది నిమిషాలలో పలచబడుతుంది. 1980 దశకంలో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం దీనిని పరిశోధించి చూపింది. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఇది పనికివస్తుంది. కలిపిన తరువాత మరల ఒక పొంగు రానివ్వాలి. బూజు వాసన వచ్చే మొలకలను పారవేయాలి.

మధుమేహ రోగి విషయం వేరు. మొలకెత్తినప్పుడు పిండిలో కొంత భాగం మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది. కనుక మొలకల జావను కూడా అన్నం వలెనే కొలత ప్రకారం తీసుకోవాలి.

బియ్యం కొనేటప్పుడు సోనామసూరియా, హంసా అని అడిగే మనం గోధుమపిండి విషయంలో ఎందుకు మౌనం వహిస్తున్నాము? శర్బతీ వంటి ఒకటి రెండు పేర్లు తప్ప సంచుల మీద రకం పేరు కనిపించడం అరుదు. ఆ వివరం ముద్రించడం వర్తకుల బాధ్యత, అడగడం గృహిణుల హక్కు.