ఏరేటర్లకు సోలార్ బ్యాటరీ: ఎంత పెడితే చాలు?

ఆక్వా జోన్‌లో యూనిట్ రూ.1.50కి కరెంటు వస్తున్న రైతుకు, రాత్రంతా ఏరేటర్లను బ్యాటరీ మీద తిప్పడం గిట్టుబాటు కాదు. బ్యాటరీ అవసరం కరెంటు పోయిన గంటలకే. నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది, రొయ్యలు తేలేదీ అప్పుడే. మీ లైనులో ఆ వేళ కరెంటు ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు పోతోందో రాసి పెట్టుకోండి.

మూడు గంటలు అనుకుందాం. 2 హెచ్‌పీ ఏరేటరు సుమారు 1.8 కిలోవాట్లు లాగుతుంది (పాత మోటారైతే ఇంకా ఎక్కువే, క్లాంప్ మీటరుతో చూపించుకోండి). నాలుగు ఏరేటర్లకు 21.6 యూనిట్లు. ఇన్వర్టరులో పదో వంతు పోతుంది, లిథియం బ్యాటరీని 80 శాతం వరకే వాడుకోవాలి. అంటే 30 యూనిట్ల బ్యాటరీ. లెడ్ యాసిడ్‌లో సగమే వాడాలి కాబట్టి 48. ఎనిమిది గంటలు తిప్పాలంటే లిథియమే 80 యూనిట్లు కావాలి!

కిలోవాట్ ప్యానెల్ ఎండ రోజున సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, కనుక 7 కిలోవాట్లు సరిపోతాయి. కానీ ముసురు పట్టిన రోజున బ్యాటరీ నిండదు, చెరువులో నాచు కూడా ఆక్సిజన్ తక్కువ ఇస్తుంది. అందుకే లైను కరెంటుతోనూ ఛార్జయ్యే హైబ్రిడ్ ఇన్వర్టరే తీసుకోండి.

మోటారు స్టార్టింగులో ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. నాలుగూ ఒకేసారి వేయకండి, సాఫ్ట్ స్టార్టర్ పెట్టించుకోండి. జనరేటరును మాత్రం అమ్మొద్దు, తుపానుకు స్తంభాలు పడితే మూడు గంటల లెక్క చాలదు.